తాళపు చెవులు

దేవుని కృపవలన 2024వ సంవత్సరము మే నెలలో నేనును నా భార్యయు యూరపు ఖండమునకు పోయి, మూడు వారములుండి, క్షేమముగా చిప్పగిరి చేరితిమి. మా అమ్మాయియు అల్లుడును జర్మనీలో ఉద్యోగము చేయుచున్నారు. టిక్కెట్లు వారే తీసిరి. పల్లెటూరి పాస్టరు జీతముతో అయ్యే పని కాదని మీకు తెలియును గదా.

తెలుగువారికి ఇట్టి ప్రయాణములు క్రొత్త కాదు. 1873లోనే పోతం జానకమ్మగారు ఇంగ్లండు పోయి, చూచినది తెలుగులో వ్రాసిరి. 1876లో మదరాసులో అది ఇంగ్లీషు పుస్తకముగా వెలువడినది. విమానము లేని దినములలో, సముద్రము దాటుటే తప్పనుకొను కాలములో, ఒక స్త్రీ ఆ పని చేసెను. ఆమెను తలంచుకొనియే నేనును కలము పట్టితిని.

కొలోను పట్టణములోని పెద్ద దేవాలయము చూచితిమి. ఎత్తు 157 మీటర్లు. 1248లో పునాది వేసి 1880లో ముగించిరి. నడుమ రెండు వందల యేండ్లకు పైగా పని నిలిచిపోయెనట! మూడేండ్లనుండి గుడి పైకప్పుకు చందాలెత్తుచున్న మా సంఘపు పెద్దలు జ్ఞాపకమునకు వచ్చి నాకు కొంత ధైర్యము కలిగినది. ప్యారిసులోని నోత్రదాము దేవాలయము 2019 ఏప్రిల్ 15న కాలిపోయినందున మేము పోయినప్పుడు ఇంకను మూసియుండెను. ఆ డిసెంబరులో తెరిచిరి. కంచె ఇవతల నిలిచి చూచి వచ్చితిమి. ఈఫిల్ గోపురమును మీరందరును పటములలో చూచియే యున్నారు, దానిని గూర్చి వ్రాయను.

నేను చెప్పదలచినది వెనిస్ పట్టణమును గూర్చి. అది ఇటలీ దేశములో ఉప్పునీటి కయ్యల నడుమ నున్నది. బురదలోనికి కొయ్య స్తంభములు దిగగొట్టి, వాటిమీద రాతి మేడలు లేపిరి. వీధికి బదులు కాలువ, బండికి బదులు పడవ. వేసవిలో బిందెడు నీళ్లకు బారులు తీరు మన కండ్లకు అది ఎట్లుండునో ఊహించుకొనుడి. ఒక్క దినము చూచి పోవువారినుండి కొన్ని దినములలో రుసుము తీసికొనుట ఆ యేటి ఏప్రిల్ 25న మొదలుపెట్టిరి. తలకు 5 యూరోలు. మా ఊరిలో ఒక దినపు కూలికి మించిన సొమ్ము. ఊరిలోనికి పోవుటకే టిక్కెట్టు పెట్టిన ఊరిని నేను అంతకు ముందు ఎన్నడును చూడలేదు.

పరిశుద్ధ మార్కు పేరిట నున్న దేవాలయముపై నాలుగు గుర్రములున్నవి. 1204లో కాన్‌స్టాంటినోపులును కొల్లగొట్టినప్పుడు వాటిని తెచ్చిరి. 1797లో నెపోలియను వాటిని ప్యారిసుకు తోలుకొనిపోయెను. 1815లో మరల వచ్చినవి. ఇప్పుడు అసలువి లోపల భద్రముగా నున్నవి, బయట కనబడునవి నకళ్లు. జనులు నకళ్లకే ఫొటోలు తీయుచుండిరి. నేనును తీసితిని.

ఆ చౌకు దాటి ఇరుకు సందులలోనికి పోగానే జనము పలుచనాయెను. చాల ఇండ్ల తలుపుల ప్రక్క గోడకు అరచేయంత ఇనుప పెట్టెలు, వాటిమీద అంకెల మీటలు. ఇవేమని అడిగితిని. “లోపల తాళపు చెవి ఉంటుంది మామయ్యా. బాడుగకు దిగేవాళ్లకు ఫోనులో అంకెలు పంపుతారు. వాళ్లే తెరుచుకుని, పోయేటప్పుడు మళ్లీ అందులోనే పెట్టి పోతారు” అని అల్లుడు చెప్పెను. ఇంటివాడు వచ్చినవారి ముఖము చూడడు, వచ్చినవారు ఇంటివానిని చూడరు.

రియాల్తో వంతెన దగ్గర ఒక మందుల అంగడి అద్దములో ఒక సంఖ్య వెలుగుచుండును. ఊరిలో ఎందరు కాపురమున్నారో ఆ సంఖ్య చెప్పును. 1951లో సుమారు 1,75,000 మంది అక్కడ నుండిరి. 2022లో 50,000కు లోపల పడిరి. 2023 నాటికి అక్కడ కాపురమున్నవారి కంటె, వచ్చిపోవువారికి వేసిన పడకలే ఎక్కువ.

ఆదివారము గనుక ఒక చిన్న గుడిలో ఆరాధనకు కూర్చుంటిమి. లెక్కించితిని, మా నలుగురితో కూడ 19 మంది. అందరును తల నెరసినవారే. ముగిసిన పిమ్మట ఒక పెద్దాయన మా అల్లునితో ఇంగ్లీషులో మాటలాడెను. ఆయన పిల్లలు వంతెన దాటి గట్టుమీదనున్న మెస్త్రేలో కాపురమున్నారట. తన యింటి క్రింద రొట్టెల అంగడి ఉండెడిది, ఇప్పుడు వేడుక ముసుగులు అమ్ముచున్నారట. “రొట్టె కొరకు చాల దూరము నడువవలెను” అనెను. ఇంకేమియు ఫిర్యాదు చేయలేదు.

ఆ గుడిలో నాకు మా గుడియే కనబడినది. ఆదోని, ఆలూరు ప్రాంతములలో సుగ్గి అను మాట తెలియనివారు లేరు. వానలు సరిగా లేని యేట, సంక్రాంతి దాటకముందే మా జనులు గుంటూరు వైపు మిరపకాయలు కోయుటకు పోవుదురు. పసిపిల్లలను చంకన పెట్టుకొని, బియ్యపు మూటలతో లారీలెక్కి పోవుదురు. కొందరు గుంతకల్లులో రైలెక్కి బెంగుళూరు కట్టడపు పనులకు పోవుదురు. చూచుటకు ఊళ్లు తిరిగినవారు మాలో బహు కొద్దిమంది. మా ఊరికే చూడ వచ్చువారు కలరు. 1755లో ఇక్కడ కాలము చేసిన విజయదాసుల ఆరాధనకు కర్ణాటకమునుండి భక్తులు వత్తురు. కొండమీద జైనుల గుడియు కలదు. వచ్చినవారు మాల, మాదిగ వాడలవైపు రారు గనుక తాళములు వారి కంటబడవు. ఫిబ్రవరి నెలలో మా గుడిలో ముసలివారును, వారి యొద్ద విడిచిన పిల్లలును మాత్రమే యుందురు. పోవువారు తాళపు చెవులు నాకు అప్పగించి పోవుదురు. బిస్కట్టు డబ్బాలో వేసి, ఒక్కొక్కదానికి చీటి కట్టి ఉంచుదును.

తిరిగి వచ్చిన వారము గృహకూటములో అందరును వెనిస్ సంగతి చెప్పుమనిరి. ఫోనులోని పటములు చూపితిని. అన్నిటిని చూచి, డెబ్బది దాటిన ఒక అమ్మ అడిగెను:

“ఇన్ని ఇండ్లు ఉండాయి, ఆ ఊరోళ్లు యా సుగ్గికి పొయినారయ్యా?”

“ప్రక్క ఊరికి పోయినారమ్మా. ఇండ్ల బాడుగలు వాండ్లకు అందవు” అంటిని.

“మల్ల వానలకి వస్తారా?”

“రారమ్మా.”

ఆమె కొంతసేపు ఆలోచించి, “ఎవురో ఒకరు దిగి బాడుగ ఇస్తా ఉండారు, ఆ ఇండ్లకేం పాడు? మావి ఐతే చెదలు తింటాయి” అనెను.

ఆమె కుమారుడు 2021లో బెంగుళూరు పోయి అక్కడనే నిలిచిపోయెను. ఆమెయు సుగ్గికి పోవునది గనుక ఆ యింటి తాళపు చెవియు నా డబ్బాలోనే యున్నది. ప్రతి క్రిస్మసు ముందర ఆమె వచ్చి దానిని అడిగి తీసికొని, ఇల్లు ఊడ్చి, గడపకు సున్నము పూసి, సాయంత్రమునకు మరల తెచ్చి యిచ్చును.