మూత వేసినచో పలుకని పెట్టె

మా యింట నొక చిన్న అల్యూమినియపు పెట్టె గలదు. అరచేత నిముడును. దాని మీద త్రిప్పు బొత్తాములు రెండు, కాలితో నొక్కు మీట యొకటి. ఇరుప్రక్కల రెండు రంధ్రములు. గిటారునుండి వచ్చు తీగ నొకదానను, ఆంప్లిఫయరునకు బోవు తీగను వేరొకదానను దూర్చి మీట నొక్కినచో, గిటారు స్వరము బొంగురువోయి కందిరీగల తుట్టెను కదలించినట్లు రొదసేయును. దీనిని ఫజ్ పెడలందురు. మా యమ్మాయి దీనిని తన చేతులతో గట్టినది. నేను బాగుచేయబోయి దీనిని మరింత చెడగొట్టితిని.

ఇంపైన స్వరమును చెరచుటకొక యంత్రమేల యని చదువరులు నవ్వవచ్చును. నేనును నవ్వినవాడనే. దీని పుట్టుకయే యొక లోపమునుండి జరిగినది. 1960లో అమెరికాలోని నాష్‌విల్ పట్టణమున మార్టీ రాబిన్స్ అను గాయకుని పాటను ముద్రించుచుండగా, మిక్సింగు బల్లలో నేదియో చెడి, బాస్ గిటారు ధ్వని చీలికలై వచ్చినది. పారవేయదగిన యా ధ్వనిని వారు పాటలో నటులే యుంచిరి. 1961లో ఆ పాట వెలువడి ప్రసిద్ధికెక్కినది. నాడు ముద్రణ నడపిన గ్లెన్ స్నాడీ అను ఇంజనీరు పిదప మరియొకనితో గూడి, ఆ లోపమునే కోరినపుడు పుట్టించు సాధనమును ట్రాన్సిస్టరులతో నిర్మించెను. అది 1962లో మేస్ట్రో ఫజ్‌టోన్ అను పేర అంగడికి వచ్చినది. మా యమ్మాయి కట్టినది 1966లో లండనున వెలువడిన ఫజ్ ఫేస్ అనుదాని మాదిరి. అందు రెండు ట్రాన్సిస్టరులు, నాలుగు రెసిస్టరులు, మూడు కెపాసిటరులు, రెండు త్రిప్పు బొత్తాములు, ఇంతియే. తొమ్మిది ఓల్టుల బ్యాటరీ దానికి ప్రాణము. మొదటి ట్రాన్సిస్టరు గిటారు ధ్వనిని పెంచును. రెండవది యింకను పెంచబోయి, బ్యాటరీ యీయగల హద్దును దాటలేక, అలల శిఖరములను నరికివేయును. ఆ నరుకుడే రొద.

కోఠిలోని గుజరాతీ గల్లీకి రెండుమారులు పోయి సామగ్రి తెచ్చుకొని, నాలుగు రాత్రులు కూర్చుండి ఆమె దీనిని గట్టినది. ఆదివారము రాత్రి మూత బిగించి తీగలు తగిలించినది. పెట్టె పలుకలేదు. మీట నొక్కినను మౌనమే, నొక్కకున్నను మౌనమే. ఆమె కొంతసేపు దానివంక చూచి, "రేపు సాయంత్రం చూస్తాను" అని లేచినది. శనివారమునాడు కళాశాలలో దానితో వాయింపవలసి యుండెను.

నేను ముప్పదియేండ్లు భౌతికశాస్త్రము బోధించినవాడను. మరునాడు ఆమె కళాశాలకు బోగానే పెట్టె విప్పితిని. ఎవ్వరును నన్నడుగలేదు. ట్రాన్సిస్టరులు టంకపు వేడికి మాడియుండునని నిశ్చయించి, ఊడబెరికి చెత్తబుట్టలో వైచి, నా పాత సొరుగులోని రెండింటిని వాని తావున నతికితిని. మూత బిగించి చూచితిని. పెట్టె యెప్పటివలెనే మూగ. అంగడివాడు నాసిరకపు సరకిచ్చెనని మా యింటిదానితో రెండుమారు లంటిని.

సాయంకాలము అమ్మాయి వచ్చి చూచినది. కోపపడలేదు. "నాన్నగారూ, మీట నొక్కకపోయినా శబ్దం రాలేదు కదా. అప్పుడు ధ్వని ట్రాన్సిస్టర్ల దగ్గరికే వెళ్లదు. వాటి తప్పెలా అవుతుంది?" అని మాత్ర మడిగినది. నాకు తోచవలసిన మాట. మీట నొక్కనపుడు గిటారు ధ్వని లోపలి యంత్రమును తాకక సూటిగా వెలికి బోవును. అదియును రాకున్నచో, దోషము రెండు దారులకు ఉమ్మడియగు తావున, అనగా జాకులందో మీటయందో యుండవలెను. పాఠశాలలో పిల్లలకు జెప్పినది నేను మా యింట మరచితిని.

నన్ను బాధించినది ఈ తప్పు కాదు. 1972లో మా తండ్రిగారి రేడియో యొకనాడు మూగవోయినది. నాకు పండ్రెండేండ్లు, అక్కయ్యకు పదునాలుగు. దాని వెనుక అట్ట విప్పి చూడవలెనని ఆమెకే యెక్కువ కుతూహలము. నాన్నగారు స్క్రూడ్రైవరు నా చేతికిచ్చి, టార్చిదీప మామె చేతికిచ్చిరి. స్పీకరు తీగ ఊడియుండుటను మొదట గనుగొన్నదామె, వ్రేలితో చూపినది. నేనతికితిని. వారమురోజులు వచ్చినవారి కందరకును నాన్నగారు నన్ను చూపి చెప్పుకొనిరి. అక్కయ్య పదవ తరగతితో చదువు మానినది. స్త్రీవిద్యను గూర్చి సభలలో నేను మాటలాడినపుడు ఆమె కథ చెప్పుదును గాని, స్క్రూడ్రైవరు సంగతి యేనాడును చెప్పలేదు.

ఆ రాత్రి అమ్మాయి మరల పని మొదలుపెట్టినది. మూత తీసి, మీట నొక్కక గిటారు మీటినది: ధ్వని వచ్చినది! నొక్కినది: దోమ మూలిగినట్లు. ఒక తీగకొనకు చిన్న కెపాసిటరు నతికి, రెండవ కొనను ఆంప్లిఫయరునకు తగిలించి, వైద్యుడు స్టెతస్కోపు నానించినట్లు, ధ్వని ప్రవేశించు తావునుండి వరుసగా ఒక్కొక్క అతుకునకు ఆనించి వినసాగినది. మొదటి ట్రాన్సిస్టరు లోనికి ధ్వని చక్కగా పోవుచున్నది. వెలికి రావలసినంత వచ్చుట లేదు. మల్టీమీటరు పెట్టగా, రెండవ ట్రాన్సిస్టరు కలెక్టరునొద్ద నాలుగున్నర ఓల్టులుండవలసిన చోట ఒకటిన్నర కూడ లేదు. ఆమె తెచ్చినవి బిసి 547 రకము. నేను పెట్టినవి 2ఎన్ 3904. రెండును చూపునకొక్కటే. చదునువైపు మనకెదురుగ నుంచి కాళ్లు క్రిందికి బట్టినచో, మొదటిదానికి ఎడమకాలు కలెక్టరు, రెండవదాని కదే ఎమిటరు. నేను రెండింటిని తలక్రిందుగ నతికితిని!

"దీపం ఇటు పట్టండి నాన్నగారూ, నీడ పడుతోంది" అన్నది. టార్చి పట్టుకొని నిలుచుంటిని. చేయి నొప్పి పుట్టినది, మార్చుకొంటిని. ఆమె వానిని త్రిప్పి యతికినది. కందిరీగలు లేచినవి.

మూత వేసినది. మరల మౌనము. అసలు రోగము మిగిలియే యున్నది. నా వైద్యము దానిమీద నింకొకటి తెచ్చిపెట్టినది. నన్ను తీగ మీటుచుండుమని, ఆమె మూతను మెల్లమెల్లగా దింపినది. వ్రేలెడు, అరవ్రేలెడు, అంతలో ధ్వని టక్కున నిలిచినది. మూత లోపలివైపు టార్చివెలుగున చూడగా గోటిగీరంత గీత. ధ్వని వెలికిపోవు జాకుయొక్క రేకుకొన యచ్చట లోహమున కానుకొని, వచ్చిన ధ్వనినంతయు పెట్టె పాలు చేయుచున్నది. ఆమె ఆ కొనను కొంచెము వంచి, బల్లమీదనున్న బంధువుల పెండ్లి శుభలేఖనుండి అట్టముక్క కత్తిరించి మూతకు లోపల నంటించినది. "అయ్యో, ముహూర్త మింకను కాలేదే" అని వాళ్లమ్మ యన్నది.

శనివారము ఆమె వాయించినది. నేను వెనుక వరుసన గూర్చుంటిని. ఆ రొద నాకు రుచింపలేదు. ఇంటికి వచ్చి యడిగినది గనుక చెప్పితిని. ఆమె నవ్వినది.

చెత్తబుట్టలో నేను వైచిన ట్రాన్సిస్టరులను ఆమె నాడే తీసి పరీక్షించినదట. రెండును నిర్దోషులే. వక్కపొడి డబ్బీలో బెట్టి, "ఇవి మంచివి. నన్నడగకుండా పారేయకూడదు" అని చీటి వ్రాసి నా సొరుగులో నుంచినది.