క్యాసెట్టు వెనక మనిషి

తొంభైల్లో వీడియోగేమ్‌ ఆడిన పిల్లలకి ఓ అలవాటుండేది. ఆట మొదలవకపోతే క్యాసెట్టు పీకి, అడుగున ఉఫ్‌మని ఊది మళ్లీ గుచ్చేవారు. చిప్‌ ఉన్న అలాంటి క్యాసెట్టు మొదట ఇళ్లలోకొచ్చింది అమెరికాలో, 1976లో. ఆ పెట్టె పేరు ‘ఫెయిర్‌చైల్డ్‌ ఛానెల్‌ ఎఫ్‌’. అంతకుముందు పెట్టెలో ఏ ఆటలుంటే అవే. విసుగొస్తే అటకెక్కించాల్సిందే.

ఆలోచన ఆల్పెక్స్‌ అనే చిన్న కంపెనీది. దాన్ని అమ్ముడుపోయే వస్తువుగా మలిచిన బృందానికి నాయకుడు జెర్రీ లాసన్‌. సిలికాన్‌ వ్యాలీలో నల్లజాతి ఇంజినీర్లు బహు తక్కువగా ఉన్న రోజులవి. అసలు చిక్కు ఎక్కడంటే... పిల్లలు వందలసార్లు గుచ్చి పీకినా లోపలి చిప్‌ పాడవకూడదు. స్థిరవిద్యుత్తుకి కాలిపోతుందేమోనన్న భయం ఒకటి. అదంతా దాటుకుని పసుప్పచ్చ క్యాసెట్లు బజార్లోకొచ్చాయి. ఆటని మధ్యలో ఆపి అన్నానికి లేవడానికి ‘హోల్డ్‌’ బటన్‌ కూడా పెట్టారు. (అమ్మలకి అదెంత సుఖమో!)

మరుసటేడాదే అటారీ తన పెట్టెతో వచ్చింది. పేరూ డబ్బూ దానికే. 1979లో ఫెయిర్‌చైల్డ్‌ ఈ వ్యాపారాన్నే అమ్మేసింది. క్యాసెట్లు మాత్రం ప్రపంచమంతా తిరిగాయి. లాసన్‌ని ఆ రంగంవాళ్లు గుర్తుపెట్టుకుని సత్కరించింది ఎప్పుడో తెలుసా? 2011 మార్చిలో! అప్పటికాయనకి డెబ్భై ఏళ్లు. మధుమేహంతో ఒక కాలు పనిచేయడం లేదు, ఒక కంటికి చూపు లేదు. ఏప్రిల్‌ 9న కన్నుమూశారు.