ఇద్దరు పాడితేనే యుగళగీతం

'ఉప్పెన' సినిమా 2021 ఫిబ్రవరి 12న విడుదలైంది. అందులో 'జల జల జలపాతం' అనే యుగళగీతం ఉంది. శ్రీమణి రాస్తే, దేవిశ్రీ ప్రసాద్ బాణీ కడితే, జస్‌ప్రీత్ జాజ్, శ్రేయా ఘోషల్ పాడారు. కర్నూలు, కడప హాస్టళ్లలో సముద్రం మొహం చూడని పిల్లలు కూడా ఆ సముద్రపు పాటను రింగ్‌టోన్ పెట్టుకున్నారు. మాకు తెలిసిన నీళ్లంటే కె.సి. కాలువే, అదీ వదిలినప్పుడు.

ఆ సినిమా రావడానికి సరిగ్గా 43 రోజుల ముందు, 2020 డిసెంబర్ 31న, మన ఆదోనిలో ఒక ఫిజియోథెరపిస్టును పట్టపగలు చంపారు. కులం దాటి పెళ్లి చేసుకున్న మనిషి. పత్రికలు 'పరువు హత్య' అని రాశాయి. ప్రాణం ఒకరిది, పరువు ఇంకొకరిదట!

సినిమాలో పిల్లోడి పేరు ఆశీర్వాదం. ఆ పేరు ఏ వాడల్లో వినబడుతుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సినిమా మాత్రం కులం పేరు గట్టిగా పలకదు. కానీ అమ్మాయి తండ్రి ఆ పిల్లోడి ఒంటి మీద చేయించిన పని చూస్తే చాలు, ఏ కులం ఏ కులాన్ని శిక్షిస్తుందో అర్థమవుతుంది. చివర్లో తండ్రికి ఎదురు నిలబడి మాట్లాడేది ఆ అమ్మాయే. నాకు ఆ సినిమాలో అన్నిటికంటే విలువైంది అదే.

ఎందుకంటే, యుగళగీతంలో సగం అమ్మాయిది. అతను ఒక మాటంటే ఆమె ఒక మాటంటుంది. మన ఊళ్లలో గొడవ మొదలైన నిమిషం నుంచి ఆ సగం వినబడదు.

కొన్నేళ్ల కిందట కడప జిల్లాలో ఒక జంట వెంట స్టేషన్‌కు పోయినాను. పిల్లకు ఇరవై నిండినాయి. పిల్లోడిది మాదిగ వాడ. కిడ్నాప్ అని పిల్ల తండ్రి ఫిర్యాదు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా అందరూ మాట్లాడినారు. పెద్దమనుషులు మాట్లాడినారు, చిన్నాయనలు మాట్లాడినారు. పిల్లోణ్ని 'ఏం కులంరా' అని మూడుసార్లు అడిగినారు. ఆ పిల్లను మాత్రం మంచినీళ్లు కావాలా అని కూడా ఎవరూ అడగలేదు. 'మీ నాయన మొహం చూసైనా ఇంటికి పోమ్మా' అన్నారు. అది అడగడం కాదు కదా!

తర్వాత మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం. అప్పట్లో 164వ సెక్షన్, ఇప్పటి కొత్త చట్టంలో 183. లోపల తండ్రి లేడు, పోలీసులు లేరు, నేనూ లేను. ఏం చెప్పిందో బయటికొచ్చినాక తనే చెప్పింది: "నన్నెవరూ ఎత్తుకపోలేదు సార్. నేనే ఈ పిల్లోణ్ని పిలుచుకొచ్చినా." ఆ ఒక్క మాటతో కిడ్నాప్ కేసు కూలిపోయింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇవి గుర్తుపెట్టుకోండి. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. నిండకపోతే ఆగండి, ఆమె ఇష్టపడిందన్న మాట పోక్సో కేసులో అక్కరకు రాదు. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకుంటే 30 రోజుల నోటీసు ఆఫీసు గోడకెక్కుతుంది. ఆ నెల రోజులు ఎక్కడ తలదాచుకోవాలో ముందే చూసుకోండి. 2018 మార్చి 27న శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి జంటలకు రక్షణ ఇవ్వాలని, జిల్లాల్లో ప్రత్యేక సెల్‌లు, 24 గంటల హెల్ప్‌లైన్ పెట్టాలని, సురక్షిత గృహాల ఏర్పాటు చూడాలని చెప్పింది. మన జిల్లాలో ఆ సెల్ ఎక్కడుందని కలెక్టర్‌కు, ఎస్పీకి రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. రసీదు తీసుకోండి.

ఒక మాట మన సంఘాలకు కూడా. హత్య జరిగితే పిల్లోడి ఫోటోతో ఫ్లెక్సీ వేస్తాం. వేయాల్సిందే. మరి ఆ ఫోటో పక్కన కూర్చున్న అమ్మాయి? పుట్టిల్లు లేదు, మొగుడు లేడు, రేపటి కూలి ఏందో తెలియదు. మనం కూడా మైకు ఆమె మామకిస్తాం, నాయకుడికిస్తాం. ఆమె ఏడుపు వీడియో తీస్తాం. ఆమె మాట రాసుకోం.

ఈసారి ఎవరైనా జంట మీ గది తలుపు కొట్టి వస్తే, ముందు ఆమెతో విడిగా మాట్లాడండి. 'నీకేం కావాలమ్మా' అని అడగండి. పోతానంటే పోనివ్వండి, ఉంటానంటే పక్కన నిలబడండి. లాయరుకు ఫోన్ ఆ తర్వాత.

జై భీమ్.