బ్యాటరీ మార్చేముందు

బండి సెల్ఫ్ తీసుకోకపోతే మొదటి నింద బ్యాటరీ మీదే పడుతుంది. కొత్తది వేయించగానే బండి స్టార్టవుతుంది, ఖర్చయినా పని అయిందని యజమాని ఊరట పడతాడు. నెల తిరక్కుండానే అదీ పడుకుంటే ఈసారి కంపెనీని తిడతాడు. అసలు లోపం చాలాసార్లు ఇంకెక్కడో ఉంటుంది: ఇంజన్‌లో కరెంటు పుట్టించే స్టేటర్ కాయిల్‌లోనో, దాన్ని సరిచేసి బ్యాటరీకి పంపే రెగ్యులేటర్‌లోనో, తుప్పుపట్టిన ఎర్త్ బోల్టు దగ్గరో, ముచ్చటపడి రిలే లేకుండా తగిలించుకున్న జోడు హారన్ల వైరింగులోనో. కొత్త బ్యాటరీ తనతో తెచ్చుకున్న ఛార్జి ఉన్నంతకాలం ఈ జబ్బు బయటపడదు. అందుకే మంచి షాపు ఏదంటే, పానా కన్నా ముందు మల్టీమీటర్ తీసే షాపు అంటాను. నిలిపి ఉంచిన బండిలో నిండు బ్యాటరీ 12.6 వోల్టుల దాకా చూపిస్తుంది. 12కు దిగితే దాదాపు ఖాళీ. ఇంజన్ రేజ్ చేసినప్పుడు 13.5 నుంచి 14.5 మధ్యకు రావాలి. రేజ్ చేసినా అంకె పైకి కదలకపోతే ఛార్జింగ్ లేదన్నమాట, ఎన్ని బ్యాటరీలు వేసినా దండగే. 15 దాటిందా, రెగ్యులేటర్ అదుపు తప్పి బ్యాటరీని ఉడికిస్తోంది. ఇదంతా పది నిమిషాల పని.

చెవితో విని జబ్బు చెప్పే పాత మేస్త్రీలకు ఈ అంకెలెందుకని కొందరంటారు. కిక్కు కొట్టి నడుపుకునే పాత బండ్లకు ఆ మాట చాలావరకు చెల్లింది. వాటిలో చాలా బండ్లు బ్యాటరీ చచ్చినా ఇల్లు చేర్చేవి. ఇప్పుడలా కాదు. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు హెడ్‌లైటు పగలూ వెలుగుతూనే ఉండాలి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక ఎక్కువ బండ్లలో కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది, చాలా బండ్లకు కిక్కు రాడ్డే లేదు. పెట్రోలు పంపుకూ, ఇంజన్‌ను నడిపించే కంప్యూటరైన ఈసీయూకూ సరిపడా వోల్టేజి అందకపోతే బండి మిస్సింగ్ కొడుతుంది, వినేవాడికి అది ఇంజన్ జబ్బులాగే తోస్తుంది. ఇంజెక్టర్ కడిగించి డబ్బులు పోగొట్టుకునేది ఇక్కడే. (ఫ్యూజు పోయిన చోట రాగి తీగ చుట్టి పంపే మేస్త్రీ అనుభవం ఎంతైనా సరే, ఆ గడప తొక్కకండి. మాడాల్సిన ఫ్యూజుకు బదులు వైరింగంతా మాడుతుంది.)

కంపెనీ సర్వీస్ సెంటరుకు వెళితే సరిపోదా? వారంటీ ఉంటే అక్కడికే వెళ్లాలి, ఈసీయూ కోడ్ చదివే స్కానరు కూడా వాళ్ల దగ్గర ఉంటుంది. అయితే ఆ కోడ్ ఏ సర్క్యూట్‌లో తేడా ఉందో చెబుతుందే గానీ హ్యాండిల్ కింద ఎక్కడ వైరు నలిగిందో చూపించదు. టెస్ట్ ల్యాంపు పట్టుకుని వైరు వెంట ఓపికగా వెళ్లే బజారు ఎలక్ట్రీషియన్ అక్కడ నయం. బోర్డు కాదు, వెతికే పద్ధతి చూడాలి.

ఇక అందరూ చెప్పే ఫిర్యాదు: ఊరికే మీటరు పెట్టి చూసినందుకు కూడా డబ్బులా? గంటసేపు వెతికి వదులైన కప్లర్ బిగించినవాడికి యాభై ఇవ్వడానికి గీసి గీసి బేరమాడతాం, వేలు పుచ్చుకుని బ్యాటరీ వేసినవాడి దగ్గర నోరెత్తం. మేస్త్రీలు విడిభాగాలు మార్చడం నేర్చుకుంది మన దగ్గరే. చూసిన కూలి ఇవ్వండి, మీటరు చూపించిన అంకెలు బిల్లు మీద రాయమనండి, తీసేసిన పాత సామాను చేతికిమ్మని అడగండి.