స్నానఘట్టమునకు ఆవల

గ్రంథపఠనమువలన గలుగు జ్ఞానము దేశాటనముచే పరిపూర్ణ మగునని పెద్దలు చెప్పుదురు. ఖమ్మమునుండి భద్రాచలమునకు పోవువారిలో పెక్కుమంది గోదావరిలో స్నానమాడి, శ్రీరామచంద్రుని యాలయమును దర్శించి, పర్ణశాలవఱకు పోయి మరలివత్తురు. భక్తికై వచ్చినవారి కది చాలును, విద్యార్థులకు చాలదు. స్నానఘట్టమునకు ఆవల నున్న యేటిని, రాతిని, అడవిని, అందలి జనులను చూచుటకై గడచిన ఫిబ్రవరి మాసాంతమున తొమ్మిదవ తరగతి విద్యార్థులతో గూడి నేను చేసిన రెండు దినముల యాత్రను గూర్చి యిచట వ్రాయుచున్నాను.

మా బస్సు కొత్తగూడెము, పాల్వంచల మీదుగా సాగెను. పదునేడవ శతాబ్దమున పాల్వంచ తహసీలుదారుగా నుండి, భద్రాద్రిపై ఆలయము గట్టించి, గోలకొండ చెఱసాలలో బాధలు పడిన కంచర్ల గోపన్న కథ పిల్లలందఱు నెఱిగినదే. వంతెన దాటి ఘట్టమున దిగినపిదప నేను వారికి ముందుగా నీటిమట్టపు కొలతలను చూపితిని. వరద 43 అడుగులకు వచ్చినచో మొదటి హెచ్చరికయు, 48 అడుగులకు రెండవదియు, 53 అడుగులకు మూడవదియు చాటుదురు. 1986వ సంవత్సరము ఆగస్టులో నీరు 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును లేచెను. మేము చూచిన దినమున గోదావరి యిసుకతిన్నెల నడుమ నెమ్మదిగా పాఱుచుండెను. పిల్లలు ఆ కొలతలవైపును, ఆ నీటివైపును మార్చి మార్చి చూచి మాటలాడకుండిరి. పుస్తకములో నొక అంకెగా నున్నది వారి కన్నులయెదుట నదియై నిలిచెను.

అచటినుండి ఎగువకు పోయి దుమ్ముగూడెము చేరితిమి. ఇచట నదిగర్భమున రాళ్ళు విస్తారముగా నుండుటచే పడవలు సాగవు. మధ్య హిందూదేశపు ప్రత్తిని గోదావరిమీదుగా సముద్రతీరమునకు చేర్పవలెనని సర్ ఆర్థర్ కాటన్ తలపెట్టిన పథకములో, ఇటువంటి మూడు అవరోధములలో మొదటిది యిదియే. దీనిని దాటించుటకై ఆనకట్టయు, కాలువయు, లాకులును నిర్మింపబూనిరి. అడవిజ్వరము పనివారిని మిక్కిలి బాధించెను. ఇంతలో రైలుమార్గములు వచ్చెను. తుదకు 1871లో ప్రభుత్వమువారు ఆ పనిని విడిచిపెట్టిరి. ఇంజనీర్లు తలంచిన కార్యము నెరవేరలేదు గాని, వారిలో హెయిగ్ అను నధికారి ఈ యడవిలోని కోయలకు సువార్త వినిపింపవలెనని కోరుటచే 1860ల కాలమున చర్చి మిషనరీ సంఘమువారి పని యిచట మొదలయ్యెను. తరువాత వచ్చిన జాన్ కెయిన్ దొరగారు దుమ్ముగూడెములో చిరకాలము నివసించి, కోయల భాషను, ఆచారములను శ్రద్ధగా తెలిసికొని, 1876లో ‘ఇండియన్ ఆంటిక్వరీ’ యను పత్రికలో ఈ తాలూకాలను గూర్చి వ్రాసిరి. బోధింపవచ్చినవాడు మొదట విద్యార్థి కావలసియుండెను.

మా తరగతిలో చర్ల ప్రాంతపు కోయబాలుడొక డున్నాడు. వసతిగృహములో నుండి చదువుకొనుచున్నాడు. పాఠము చదువుమన్న లేచి మెల్లగా చదివి కూర్చుండును. తన యింటి భాషను తోడివారి యెదుట పలుకుటకు సిగ్గుపడును. దుమ్ముగూడెమునుండి పర్ణశాలకు పోవు దారిలో బస్సు నిలిపి నడచితిమి. మోదుగులు ఆకు రాల్చి ఎఱ్ఱని పూవులతో నిండియుండెను. ఒకడు కనబడిన చెట్టునెల్ల టేకని చెప్పుచుండగా, ఆ బాలుడు నవ్వాపుకొనలేక పేరుపేరున చెప్పసాగెను: ఇది యిప్ప, మార్చి వచ్చినచో తెల్లవాఱకముందే పూవులు రాలును, మా అమ్మ గంపతో పోయి యేఱును, ఇది తునికి, దీని యాకు బీడీలకు పోవును. “మాస్టరుగారూ, మేము నీళ్ళను ఏరు అందుమండి” యని అతడు చెప్పినప్పుడు నేను పిల్లల నాపి, తెలుగులో పాఱునది ఏఱనియు, కోయభాషలో త్రాగునది ఏరనియు, ఈ రెండు మాటలును ఒక తల్లి బిడ్డలేయనియు వివరించితిని. అంతవఱకు ఆ భాషను విని నవ్వినవారే “ఇంకొక మాట చెప్పరా” యని వాని చుట్టు చేరిరి. పర్ణశాలలో సీతవాగు ప్రక్కన రంగుఱాళ్ళను, వానికి భక్తులు చెప్పు కథలను తెలిసికొని ఆ రాత్రికి భద్రాచలము చేరితిమి.

మరునాడు నదికి దక్షిణపుగట్టున మణుగూరి బొగ్గుగనుల ప్రక్కగా పినపాక మండలములోని జానంపేటకు పోతిమి. పెద్దపెద్ద బండపలకలు నిలిపి, పైన మఱియొక బండ కప్పి, చుట్టును రాళ్ళను వలయముగా పేర్చిన సమాధులు అచట పెక్కులున్నవి. జనులు వీనిని రాకాసిగుళ్ళందురు. ఇవి ఇనుపయుగపు మానవులు తమ మృతులకై కట్టినవి. ఇట్టి సమాధులున్న యీ గోదావరి ప్రాంతమున కొన్నిచోట్ల సిలువ యాకారముగల నిలువురాళ్ళు కూడ గలవు. ఆ రాళ్ళ పటమును చూపగానే ఒక బాలిక ముఖము వికసించెను. “అయితే మన మతము పూర్వమే ఇక్కడ నుండెనా, మాస్టరుగారూ?” అని యడిగెను.

ఔనని చెప్పుట సులభము, వినువారికిని ఇంపు. 1872లో ఫెర్గూసన్ అను పండితుడును ఇవి క్రైస్తవ చిహ్నములై యుండవచ్చునని తలంచెను. కాని తరువాతి పరిశోధకులు ఇవి మనుష్యరూపములని తేల్చిరి: పైనున్నది తల, ప్రక్కలకు చాచినవి భుజములు, క్రిందిది మొండెము. గుండాల అడవిలోని దొంగతోగు వద్ద దొరికిన రాళ్ళలో స్త్రీరూపము స్పష్టముగా చెక్కబడియున్నది. ఆ మాట చెప్పగా బాలిక కొంత చిన్నబోయెను. నేనిట్లంటిని: “అమ్మా, యెహోషువ యొర్దానునుండి ఎత్తించి నిలిపిన రాళ్ళను జ్ఞాపకము చేసికొనుము. ఈ రాళ్ళ భావమేమని బిడ్డ లడుగుదురు, తండ్రులు నిజము చెప్పవలెను. ఈ రాళ్ళను నిలిపినవారును తమ బిడ్డలకు ఏదో చెప్పగోరిరి. వారి మాటను చెరిపి మన మాటను వ్రాసికొనుట న్యాయమా? మన విశ్వాసమునకు అరువు సాక్ష్య మక్కఱలేదు.” ఆమె కొంతసేపు ఊరకుండి, ఆ బండలకు తన చేతితో కొలత తీసి పుస్తకములో వ్రాసికొనెను.

ప్రియ విద్యార్థులారా! ఏ ప్రదేశమునకు పోయినను, మనకు కావలసినదానినే వెదకువానికి అదియే కనబడును. అచట నున్నదానిని తెలిసికొనగోరువాడు అచటివారి నడుగును. అందుకు వినయము కావలెను. తలిదండ్రులకు నా మనవి యేమనగా, సెలవులలో పిల్లలను ఎచటికి తీసికొనిపోయినను ఒక పూట నిట్టి చూపునకై కేటాయింపుడు. ఇప్పుడు మా తరగతి గోడమీద ఇరువదిరెండు చెట్ల పేర్లుగల పట్టిక యొకటి వ్రేలాడుచున్నది. ఒక వరుస తెలుగు, ప్రక్క వరుస కోయభాష. రెండవ వరుసను వ్రాసినవాడు ఇప్పుడు పాఠమును గట్టిగా చదువుచున్నాడు.