నీటి కింది కొలువు

2024 అక్టోబర్ 15, నాగారం

వికారాబాద్ జిల్లా దామగుండంలో నేవీ వీఎల్‌ఎఫ్ (బాగా తక్కువ ఫ్రీక్వెన్సీ) రేడియో కేంద్రానికి రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ ఇవాళ శంకుస్థాపన చేశారు. రెండువేల తొమ్మిది వందల ఎకరాల అడవి. "సముద్రమే లేని తెలంగాణలో నేవీకేం పని?" అని పొద్దున టీ కొట్టు దగ్గర ఎవరో అడిగారు. మా కాలనీలో ఉండే, ఒకప్పుడు సబ్‌మెరైన్లలో పనిచేసిన కమాండర్ గారు ఉండి ఉంటే ఓపిగ్గా చెప్పేవారు. ఆయన పోయింది మొన్న ఆగస్టులోనే.

ఒకసారి నాకు చెప్పారు. మామూలు రేడియో తరంగాలు ఉప్పునీటిలోకి దిగవట. బాగా తక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్నవే కొన్ని మీటర్ల లోతుకు వెళతాయి. నీటిలో దాగి ఉన్న సబ్‌మెరైన్‌కు కబురందాలంటే అవే దిక్కు. ఇన్నాళ్లూ తిరునల్వేలి దగ్గర ఐఎన్‌ఎస్ కట్టబొమ్మన్ ఆ పని చేస్తోంది. ఆ కబురు సబ్‌మెరైన్ వింటుంది గానీ బదులివ్వదు. మాట్లాడితే ఎక్కడుందో శత్రువుకు తెలిసిపోతుంది.

అడవి పోతోందని, మూసీ పుట్టే అనంతగిరి చుట్టుపక్కల చెట్లు కొట్టొద్దని అడిగేవాళ్ల బాధా నిజమే. ఆ నీళ్లే కదా మన ఉప్పల్ పక్కగా పోయేది.

అక్టోబర్ 27

పిన్నిగారిని చూడ్డానికి వెళ్లాను. కమాండర్ గారి భార్య. ఇద్దరిదీ శ్రీకాకుళం వైపు. కూతురు ఈసీఐఎల్‌లో పనిచేస్తుండటంతో ఇక్కడ ఇల్లు కట్టుకున్నారు.

"ఎక్కడికెళ్తున్నారో చెప్పేవారు కాదు నాయనా. ఎప్పుడొస్తారో ఆయనకే తెలీదు. పెద్దదానికి టైఫాయిడ్ వచ్చి తగ్గిపోయింది కూడా. వచ్చాక చెప్పాను."

ఇంకో మాటన్నారు. "వీధి మలుపులో ఉండగానే తెలిసిపోయేది, డీజిల్ వాసన. బట్టలు రెండుసార్లు నానబెట్టి ఉతికినా పోయేది కాదు. జుట్టుకీ అదే, తెచ్చిన ఉత్తరాలకీ అదే."

నౌకాదళం పతకాలిచ్చేటప్పుడు ఈ ఇళ్లను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. తీసుకోవాలి.

నవంబర్ 10

విశాఖలో ఆయన వెంట ఐఎన్‌ఎస్ కుర్సుర లోపలికి వెళ్లిన రోజు ఇవాళంతా గుర్తొస్తోంది. రామకృష్ణా బీచ్‌లో, ఇసుక ఒడ్డున నిలబెట్టిన ఆ సబ్‌మెరైన్ తెలుగువాళ్లలో చాలామంది చూసే ఉంటారు. 1969 డిసెంబర్ 18న సోవియట్ యూనియన్‌లోని రీగా రేవులో మన నౌకాదళంలో చేరింది. 31 ఏళ్లు నడిచి 2001 ఫిబ్రవరిలో విరమించింది. 2002 ఆగస్టులో మ్యూజియం అయింది. పొడవు 91 మీటర్ల పైచిలుకు. ఆ పొడవులోనే ఏడు గదులు, డెబ్బై మందికి పైగా మనుషులు.

కమాండర్ గారు పనిచేసిందీ అదే ఫాక్స్‌ట్రాట్ తరగతిలో. గది నుంచి గదికి వెళ్లే గుండ్రటి రంధ్రం దగ్గర నేను తల వంచి, కాలెత్తి తంటాలు పడుతుంటే, ఆయన డెబ్బై దాటిన వయసులో ఒక్క ఊపున అవతలికి దూరారు. ముందు కాలు, తర్వాత నడుం, ఆఖరికి తల. శరీరం మరిచిపోలేదు.

టార్పెడోల పక్కనే పడకలు. ఒకరు డ్యూటీకి లేస్తే ఆ వెచ్చటి పడక మీదే ఇంకొకరు పడుకునేవారట. మంచినీళ్లు తాగడానికీ వంటకీ మాత్రమే, స్నానం మాట ఎత్తకూడదు. నీటి కింద నడిపేవి బ్యాటరీలు. అవి నిండుకుంటే నీటి పైకి దగ్గరగా వచ్చి, స్నార్కెల్ గొట్టం మాత్రం బయటపెట్టి, గాలి పీల్చుకుని డీజిల్ ఇంజన్లు నడపాలి. పట్టుబడేది ఆ కాసేపట్లోనే. అందుకే రాత్రిళ్లు చేసేవారు.

"అన్నిటికన్నా కష్టమేది?" అని అడిగాను.

"గరిటె కింద పడకుండా చూసుకోవడం," అన్నారు. శత్రు నౌక దగ్గర్లో ఉంటే వంటింట్లో గరిటె జారినా సోనార్‌లో వినపడొచ్చు. గంటల తరబడి అంతమందీ గుసగుసల్లోనే బతకాలి. ఇంట్లోనూ ఆయన తలుపు చప్పుడు లేకుండానే వేసేవారు.

డిసెంబర్ 4

నేవీ డే. టీవీలో మళ్లీ 'ఘాజీ' వేశారు. 2017లో వచ్చినప్పుడు కాలనీ కుర్రాళ్లు ఆయన్ని థియేటర్‌కు తీసుకెళ్లారు. చూసొచ్చి, సినిమా బాగుందనీ, చరిత్ర వేరనీ చెప్పారు. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక విశాఖ తీరంలో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగింది. దాన్ని ముంచింది ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ అన్నది మన నౌకాదళం మాట. రాజ్‌పుత్ నీటి పైన తిరిగే డిస్ట్రాయర్. సినిమాలోలా సబ్‌మెరైన్ కాదు. పాకిస్తాన్ మాత్రం తమ మందుపాతరలే పేలాయంటుంది.

మునిగినవాళ్ల గురించి మాట్లాడేటప్పుడు ఆయన గొంతు తగ్గేది. "తొంభై మందికి పైనే. ఆ చీకటి ఎలా ఉంటుందో నాకు తెలుసు." ఈ ఫిబ్రవరిలో మన నౌకాదళం ఆ శిథిలాన్ని కనుగొని, పోయినవాళ్ల మీద గౌరవంతో ముట్టుకోలేదని చదివి ఎంతో తృప్తిపడ్డారు.

డిసెంబర్ 8

1967లో ఇదే రోజున మన తొలి సబ్‌మెరైన్ కల్వరి రీగాలో నౌకాదళంలో చేరింది. కమాండర్ కె.ఎస్. సుబ్రమణియన్ దాని తొలి అధిపతి. అప్పుడు సూయజ్ కాలువ మూతపడి ఉంది, అక్కణ్నుంచి ఇంటికి ఆఫ్రికా అంతా చుట్టి రావాల్సిందే. విశాఖలో సబ్‌మెరైన్ శిక్షణ కేంద్రం పేరు ఐఎన్‌ఎస్ శాతవాహన. కోటిలింగాల మట్టిలో నాణేలు దొరికిన రాజుల పేరు నావికుల బడికి పెట్టారని ఆయనకెంతో ఇష్టం.

2025 జనవరి 12

పిన్నిగారు ఆయన డాల్ఫిన్ బ్యాడ్జ్ చూపించారు, సబ్‌మెరైన్ వాళ్లు పెట్టుకునేది. 2013 ఆగస్టు 14న ముంబైలో సింధురక్షక్ సబ్‌మెరైన్ పేలి 18 మంది పోయినప్పుడు దాన్ని చేతిలో పట్టుకుని రాత్రంతా కూర్చున్నారట. పోయినవాళ్లలో విశాఖ పిల్లలూ ఉన్నారు.

బీరువా అంతా వెతికాం. బ్యాడ్జ్, పెన్షన్ కాగితాలు, రెండు ఫొటోలు. ఆయన చేతిరాత ఒక్క పేజీ లేదు. రాయకూడని ఉద్యోగం, తర్వాత రాసే అలవాటు కాలేదు.

డెబ్బైల మొదట్లో సబ్‌మెరైన్ ఎక్కిన వాళ్లకు ఇప్పుడు ఎనభై దగ్గరపడింది. మీ వీధిలో అలాంటి పెద్దాయన ఉంటే ఈ ఆదివారమే వెళ్లండి. రహస్యాలు అడగొద్దు. ఏం తిన్నారు, ఎలా నిద్రపోయారు, ఎవరితో స్నేహం చేశారు, ఇవి చాలు. ఆయన భార్యనూ పక్కన కూర్చోబెట్టి అడగండి. తేదీ వేసి రాసుకోండి.