అవ్వ కమ్మలు, తాత లెన్సు, మా లెక్కలు

పోయిన ఉగాదికి బంగారుపేటలో అవ్వ ఇంటికి పోయినప్పుడు, ఫోనులో తీసిన ఫోటో ఒకటి ఆమెకు చూపించినాము. సాయంత్రం దీపం పెట్టి దేవుని గది ముందర కూర్చున్న ఫోటో. అవ్వ కళ్లద్దాలు సర్దుకుని చూసి, "ఈమె ఎవురురా? నేను ఇంత నున్నగా ఉంటానా?" అనింది.

ఆమె అన్నది నిజమే. చీకట్లో ఫోను ఒక్క ఫోటో తీసి ఊరుకోదు. వరసగా చాలా తీసి, కలిపి, నలకలు తుడిచి ఇస్తుంది. ఆ తుడుపులో ముడతలు కూడా పోతాయి. దీపం వెలుతురు ట్యూబ్‌లైటు మాదిరి అవుతుంది. ఫ్లాష్ వేద్దామంటే, కంటి పొర ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆ మెరుపుకు అవ్వ కళ్లు చెదురుతాయి. వద్దంటుంది. అందుకని దీపం వెలుతురులోనే, అవ్వను అవ్వ మాదిరిగా చూపించే ఒక్క ఫోటో తీయాలని అనుకున్నాము. ఈ కుటుంబం పేజీకి కూడా అదే పెట్టాలని.

మేము అంటే అన్నదమ్ములం ఇద్దరం. ఇద్దరికీ బెంగుళూరులోనే ఉద్యోగం. ఇది రాసేవాడు సాఫ్ట్‌వేర్ టెస్టర్. చదివింది కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు పెద్దయినాక నేర్చుకున్నవి, తప్పులుంటే మన్నించండి. బడిలో మాకు లెన్సు అంటే మసూర, ఫోకల్ లెంగ్త్ అంటే సంగమ దూర. తెలుగులో కటకం, నాభ్యంతరం అంటారని మొన్నమొన్న తెలిసింది. లాటిన్‌లో లెన్స్ అంటే మసూర పప్పు గింజ. దాని ఆకారం చూసే ఆ పేరు పెట్టినారు. కన్నడం పుస్తకం వాళ్లు కూడా ఆ పప్పు పేరే పెట్టినారు. ఇది చెప్తే అవ్వ ఒకటే నవ్వు.

కారు డౌన్‌పేమెంటుకు దాచిన డబ్బుతో పాత లైకా ఎం9 ఒకటి కొన్నాము. 2009లో వచ్చిన మోడల్, చాలా చేతులు మారినది. ఇది రేంజ్‌ఫైండర్ కెమెరా. అంటే మనం లెన్సు గుండా చూడము, పక్కన ఉన్న చిన్న కిటికీలో చూస్తాము. కిటికీ మధ్యలో రెండు బొమ్మలు కనిపిస్తాయి. లెన్సు తిప్పుతూ పోతే ఆ రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. అప్పుడు ఫోకస్ కుదిరినట్టు. ఈ ఎం9లో తెర మీద ముందుగా చూసుకునే సౌకర్యం లేదు. తీసినాకనే తెలుస్తుంది.

కెమెరా వచ్చింది, ఇంక లెన్సు కావాల. దీపం వెలుతురు కాబట్టి పెద్ద కన్ను ఉన్న లెన్సే కావాల. అవ్వ దీపం దగ్గర లెక్క వేసుకున్నాము. ఐఎస్‌ఓ 1250 దాటితే ఈ కెమెరాలో నలకలు ఎక్కువ. 1250 దగ్గర ఎఫ్ 2 లెన్సయితే సెకనులో 15వ వంతు కావాల, చెయ్యి వణుకుతుంది. ఎఫ్ 1.5 అయితే 30వ వంతు. ఎఫ్ 1.1 అయితే దాదాపు 60వ వంతు. అవ్వ మాట్లాడుతూనే ఉంటుంది, తల ఊపుతూనే ఉంటుంది. ఒక్కో మెట్టుకూ విలువ ఉంది.

ధరలు చూస్తే తల తిరిగింది. అన్నీ 50 మిల్లీమీటర్లవే. కొత్తవాటికి మేము చూసినప్పటి అమెరికా ధరలు చెప్తే, చైనాలో తయారయ్యే ఎఫ్ 1.1 లెన్సు నాలుగు వందల డాలర్ల లోపు. వోయిగ్ట్‌లాండర్ నోక్టన్ ఎఫ్ 1.5 వెయ్యి డాలర్ల దరిదాపు. పేరు జర్మనీది, చేసేది జపాన్‌లో కొసీనా కంపెనీ. లైకా సమ్మిలక్స్ ఎఫ్ 1.4, 2004లో వచ్చిన ఆస్ఫరికల్ రకం, నాలుగు వేల డాలర్ల చుట్టుపక్కల. లైకాదే నాక్టిలక్స్ ఎఫ్ 0.95 పదివేలకు పైన. దాన్ని లిస్టులోనే పెట్టలేదు.

ఐదో లెన్సు మా ఇంట్లోనే ఉంది. తాతది. జోర్కీ-4 అనే రష్యా కెమెరా, దానికి జుపిటర్-3 ఎఫ్ 1.5 లెన్సు. తాత కోలారు గని వర్క్‌షాపులో ఫిట్టరు. భిలాయిలో రష్యా వాళ్ల దగ్గర పని చేసి వచ్చిన ఒక స్నేహితుని నుంచి కొన్నాడు. లెన్సు నంబరు 63తో మొదలవుతుంది, అంటే 1963లో చేసినది. దీని మూలం 1930లలో లుడ్విగ్ బెర్టెలే కాంటాక్స్ కెమెరాకు గీసిన జైస్ సోనార్. యుద్ధం తరువాత ఆ డిజైను, యంత్రాలు రష్యాకు పోయినాయి. తాత లెన్సు అమ్మి, ఆ డబ్బు కొత్త లెన్సుకు కలుపుకుందామని మా ఆలోచన. పోయినాక ఆయన వస్తువు అమ్మడం తప్పా ఒప్పా అని ఇద్దరికీ వాదన నడుస్తానే ఉండింది.

టెస్టరు బుద్ధి ఊరుకోదు కదా. సమ్మిలక్స్ ఆఫీసు స్నేహితుడు ఇచ్చినాడు, చైనాది ఇంకొకరు. నోక్టన్ అద్దెకు తెచ్చినాము. తాతది మరపట్టు రకం కాబట్టి ఒక మిల్లీమీటరు మందం ఉండే రింగు వేసి ఎం9కు బిగించినాము. నాలుగు లెన్సులకూ ఒకే స్టాండు, ఒకే వెలుతురు, ఒకే దూరం, ఒక మీటరు. మొదట ఏటవాలుగా పెట్టిన స్కేలు, తరువాత గోడకు అంటించిన న్యూస్‌పేపర్, తరువాత ఇత్తడి దీపం. ఒక్కోదానికి పది ఫోటోలు.

ఏమి తేలిందంటే:

సమ్మిలక్స్ పూర్తిగా తెరిచినా మధ్య నుంచి మూల దాకా అక్షరం అక్షరంగానే ఉంది. దాంతో పోలిస్తే నోక్టన్ మధ్యలో పెద్ద తేడా లేదు, మూలల్లో కొంచెం మెత్తన. చైనా లెన్సు మధ్యలో పరవాలేదు, కానీ అంచుల్లో పలచన, తెల్ల వస్తువుల చుట్టూ పొగమంచు మాదిరి. తాతదానికి నలుపు-తెలుపుల తేడా తక్కువ, దీపం ఎదురుగా ఉంటే వెలుతురు ఫోటో అంతా పాకుతుంది. 8 బై 12 ప్రింటు తీసి, లెన్సు పేర్లు వెనక రాసి కలిపేసినాము. సమ్మిలక్స్ ఏదో, నోక్టన్ ఏదో ఇద్దరమూ తప్పు చెప్పినాము. నాలుగింతల ధర తేడా, కంప్యూటర్ తెర మీద పెద్దది చేసి చూస్తే తప్ప కనపడలేదు.

కానీ స్కేలు ఫోటోలు అసలు సంగతి చెప్పినాయి. ఒక మీటరు దూరంలో, ఎఫ్ 1.5 దగ్గర, స్పష్టంగా ఉండే లోతు మొత్తం మూడు సెంటీమీటర్లకు కొంచెం పైన. ఎఫ్ 1.1కు రెండున్నర. ముక్కుకూ కంటికీ మధ్య దూరం అంతే. రెండు బొమ్మలు కిటికీలో కలిసినాయని మనం నమ్ముతాము, కానీ లెన్సు వెనక కెమెరాను తాకే మెట్టు, ఆ కెమెరా కొలతతో ఒప్పుకోవాల. ఒప్పుకోకపోతే ఎంత వెలుతురు వచ్చినా వ్యర్థం. సమ్మిలక్స్, నోక్టన్ ప్రతిసారీ పెట్టిన గీత మీదనే నిలిచినాయి. చైనాది దాని యజమాని తన కెమెరాకు సరి చేసుకున్నది కాబట్టి మా దాంట్లో ఒక సెంటీమీటరు తప్పింది. దాన్ని మనమే సరి చేసుకోవచ్చు.

తాత లెన్సు మాత్రం పదికి పది సార్లూ మూడు సెంటీమీటర్లు వెనక్కు పోయింది. అన్నీ ఒకే తప్పు. ఆఫీసులో అయితే ఇట్లాంటి బగ్ అంటే సంతోషం. మళ్లీ మళ్లీ అదే వస్తుంది కాబట్టి కారణం దొరుకుతుంది. దొరికింది. లైకా కొలతలో 50 అనే లెన్సు నిజానికి 51.6 మిల్లీమీటర్లు, కాంటాక్స్ కొలతలో 52.4. రష్యా కెమెరాలు, లెన్సులు కాంటాక్స్ లెక్క పట్టుకున్నాయి. జోర్కీ మీద తాత లెన్సు సరిగ్గానే ఉంటుంది. లైకా మీద పెడితే, ఒక మీటరు దగ్గర, లెన్సు ముందుకు రావలసినంత రాదు. తేడా ఎంతో లెక్క వేస్తే 0.09 మిల్లీమీటరు. ఒక కాగితం మందం. ఆ కాగితం మందమే అవ్వ ముఖం దగ్గర మూడు సెంటీమీటర్లు.

ఫిట్టరు పని చేసిన తాతకు ఈ సంగతి చెప్పి ఉంటే ఒక్క మాటలో అర్థమయ్యేది అనుకున్నాము. వెలుతురు ఇప్పుడు చవక. ఎఫ్ 1.1 నాలుగు వందల డాలర్లకు దొరుకుతుంది. ఖరీదైనది ఆ కాగితం మందం తప్పకుండా ఉండటం. రేంజ్‌ఫైండర్ లెన్సుకు మనం ఇచ్చే డబ్బులో మొదటి సగం దానికే అని మాకు తోచింది. మూలల నాణ్యత ఆ తరువాతి మాట.

తరువాతి శనివారం నాలుగు లెన్సులూ తీసుకుని బంగారుపేటకు పోయినాము. అవ్వ దీపం పెట్టి, కొంచెం పక్కకు తిరిగి కూర్చుంది. ఒక్కో లెన్సుతో ఇరవై ఫోటోలు. "ఇంకా ఎంతసేపురా, నూనె అయిపోతా ఉండాది" అని అనిపించుకుని ముగించినాము. ఒక్కో లెన్సుకు మంచిది ఒకటి ఏరి, ప్రింటు తీసి, పై వారం ఆమె ముందు వరసగా పెట్టినాము. ఏ లెన్సుదో చెప్పలేదు.

అవ్వ మూడోది తీసుకుంది. తాత లెన్సుది. మేము తప్పు ఫోటో అని పక్కన పెట్టబోయి, లెక్కకు నాలుగు కావాలని కలిపినది. ఎందుకంటే కన్ను మెత్తగా ఉంది. కంటికి పెట్టిన ఫోకస్ మూడు సెంటీమీటర్లు వెనక్కు పోయి చెవి మీద కూర్చుంది. చెవి కమ్మ మాత్రం ఒక్కో రాయి లెక్క పెట్టేటట్టు ఉంది.

"ఇది బాగుండాది. కమ్మ బాగా పడింది," అనింది.

అది తాత లెన్సుతో తీసిందని చెప్పినాము. అవ్వ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత మామూలుగా చెప్పింది. "ఆ క్యామ్రా కొనేదానికే ఈ కమ్మలు సేటు అంగడిలో కుదువ పెట్టినాడు మీ తాత. రెండేండ్లు పట్టింది ఇడిపించేకి. అంతవరకు నన్ను ఫోటో తీయనీలేదు నేను. బోడి చెవులతో ఫోటోనా?"

మేము ఇద్దరమూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. మా ఇంటి ఆల్బమ్‌లో 1964 నుంచి 1966 దాకా తాత తీసిన ఫోటోలు చాలా ఉన్నాయి. అత్తలు, చిన్నాయన, గని క్వార్టర్ల వీధి, పండగలు. వాటిలో ఒక్కదాంట్లో కూడా అవ్వ లేదు. వంటింట్లో పనిలో ఉండి ఉంటుందిలే అని ఇన్నేండ్లూ అనుకున్నాము. ఈ పేజీకి ఆల్బమ్ ఎక్కించినప్పుడు కూడా అట్లనే రాసినాము. అది తప్పు. ఆ రాత ఇప్పుడు దిద్దినాము. 1966 దీపావళి ఫోటోలో అవ్వ నిటారుగా నిలబడి, తల ఒక పక్కకు తిప్పి, చెవి కెమెరాకు చూపిస్తూ ఉంటుంది. గర్వంగా నిలబడినట్టు ఎందుకుందో ఇప్పుడు తెలిసింది.

ఎఫ్ 1.5 వెలుతురుకు మేము డాలర్లలో ధరలు పోల్చినాము. మా ఇంట్లో దాని మొదటి ధర రెండేండ్ల బోడి చెవులు. ఆ ధర కట్టింది తాత కాదు, అవ్వ. మా పట్టికలో ఆ వరస లేదు.

"అవ్వా, ఆ లెన్సు అమ్ముదామని అనుకున్నాము," అని అన్న ఒప్పుకున్నాడు. కోపం వస్తుందని భయపడినాము. అవ్వ, "అమ్ముకుంటే అమ్ముకోండి. నా కమ్మలు నాకు వచ్చినాయి కదా," అని లేచి పోయింది. ఆమెకు అది వస్తువే. అమ్మలేకపోయింది మేమే.

చివరకు ఏమి చేసినామో చెప్తాము, అడిగే వాళ్లుంటారు. వాడిన నోక్టన్ ఒకటి కొన్నాము. కదిలే మనిషికి, తక్కువ వెలుతురులో, నమ్మకంగా పెట్టిన చోట నిలిచే లెన్సు మా డబ్బుకు అదే. ఎక్కువ డబ్బు ఉంటే సమ్మిలక్స్ మంచిదే, కానీ ప్రింటులో మాకు కనపడని తేడాకు అంత పెట్టలేము. తక్కువ డబ్బు ఉంటే చైనాదీ పరవాలేదు, మీ కెమెరాకు సరి చేసుకునే ఓపిక ఉంటే. తాత జుపిటర్‌ను మళ్లీ జోర్కీకే బిగించి, ఫిల్ము వేసి పెట్టినాము. లైకాకు పెట్టినప్పుడు రెండు బొమ్మలు కలిసినాక మూడు సెంటీమీటర్లు ఒళ్లు వెనక్కు వంచి నొక్కుతాము. నవ్వుకోండి, కానీ పని చేస్తుంది.

మీ ఇండ్లలో కూడా ఇట్లాంటి కెమెరాలు బీరువాల్లో ఉంటాయి. కోలారు, బళ్లారి, హోసూరు, ఎక్కడైనా సరే. తోలు సంచిలో మూసి పెట్టకండి, తేమకు బూజు పడుతుంది. ఎండిన డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి పెట్టండి. అమ్మే ముందర ఒక్క మాట, దాన్ని ఏ డబ్బుతో కొన్నారో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. ఆల్బమ్‌లో ఎవరు లేరో కూడా అడగండి.

ఈ పేజీ పైన ఉన్న ఫోటో అవ్వ ఏరుకున్నదే. కన్ను కొంచెం మెత్తగా ఉంటుంది. కమ్మ చూడండి.